బల్బు లేని పచ్చ బాణం

దయ్యాల మాటెత్తితే నాకు భయం వెయ్యదు, చిరాకు వేస్తుంది. మా నాన్న బాప్టిస్టు చర్చిలో పాస్టరుగా చేసి రిటైరయ్యారు. పోయినవాళ్లు పునరుత్థాన దినం దాకా నిద్రలోనే ఉంటారనీ, మధ్యలో లేచొచ్చి మనల్ని జడిపించే తీరిక వాళ్లకుండదనీ మాకు చిన్నప్పుడే తేల్చి చెప్పేశారు. ఆ పైన నేను మెడిసిన్ చదివాను. పాథాలజీ చేశాను. మార్చురీ పక్క గదిలో కూర్చుని పులిహోర పొట్లం విప్పుకుని తిన్న మనిషిని. ఎవరైనా నాకు దయ్యం కనిపించిందని మొదలుపెడితే మధ్యలోనే ఆపి, కళ్లు పరీక్ష చేయించుకున్నారా అని అడుగుతాను.

ఇప్పుడు నేను చెప్పేది విని మీరూ నన్ను అదే అడగొచ్చు. చేయించుకున్నాను. కళ్లు బాగానే ఉన్నాయి.

శ్రీకాకుళంలో ఒక మందుల దుకాణం మేడ మీద నా ల్యాబ్. రెండే గదులు. ముందు గదిలో మా టెక్నీషియన్ సూరిబాబు రక్తం తీస్తాడు, స్లైడ్లు తయారుచేస్తాడు. వెనక గదిలో నేనూ, నా మైక్రోస్కోపూ.

ఆ మైక్రోస్కోపు గురించి కొంచెం చెప్పాలి. దానికి రెండు తలలు. ఒకే స్లైడుని ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకేసారి చూడొచ్చు. పాఠం చెప్పడానికి చేసిన మైక్రోస్కోపు అది. పాఠం చెప్పేవాళ్ల వైపు ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని తిప్పితే లోపల ఆకుపచ్చ రంగు బాణం ఒకటి వెలుగుతూ కదులుతుంది. "అదిగో, ఆ కణం చూడు" అని నోటితో చెబితే అవతలివాళ్లకి ఏ కణమో తెలియదు కదా. అందుకని ఆ బాణం.

అది మా సారుది. నాకు పాథాలజీ నేర్పిన ప్రొఫెసరు. పొడుగ్గా, కొంచెం వంగి నడిచేవారు. ఎంత చదివినా, ఎన్ని ఊళ్లు తిరిగినా ఆమదాలవలస యాస మాత్రం వదల్లేదు. రిటైరయ్యాక ఒకరోజు ఆ మైక్రోస్కోపుని ఒళ్లో పెట్టుకుని ఆటోలో మా ల్యాబ్‌కి దిగిపోయారు.

"ఇంట్లో ఉంచితే మా ఆవిడ దీనిమీద అప్పడాలు ఆరబెట్టీసేలాగుంది. నీకాడ ఉంచు పిల్లా," అన్నారు.

మైక్రోస్కోపుతో పాటు ఆయన కూడా ఉండిపోయారు. రోజూ పొద్దున్నే వచ్చేవారు. ఎదురుగా గుండ్రటి చెక్క స్టూలు వేసుకుని, టీ తాగుతూ, నాతో పాటు స్లైడ్లు చూసేవారు. తప్పు చెబితే తిట్టేవారు. నాకు నలభై దాటాయని, నాకూ తోటి డాక్టర్లలో కొంచెం పేరుందని ఆయనకి ఎప్పుడూ గుర్తుండేది కాదు. సూరిబాబు ముందే తిట్టేవారు. వాడు ముందు గదిలోకి పోయి నవ్వుకునేవాడు.

బాణం పెట్టడంలో ఆయనకో పద్ధతి ఉండేది. ఎప్పుడూ కణం మీద పెట్టేవారు కాదు. కింద ఎడమవైపు నుంచి ఏటవాలుగా తెచ్చి, ఇంకో కణం పట్టేంత ఖాళీ వదిలి ఆపేవారు. మిగతా ప్రొఫెసర్లందరూ సరిగ్గా న్యూక్లియస్ మీదే గుచ్చేవారు. ఈయన ఎందుకలా అని ఒకసారి అడిగాను. "మనిషినైనా, కణాన్నైనా ఏలెట్టి పొడవకూడదే. పక్కన నిలబడి సూపించాలి," అన్నారు.

ఒకరోజు ఆయన రాకముందే ఒక కష్టమైన స్లైడు నేనొక్కదాన్నే తేల్చేశాను. వచ్చి చూశారు. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, బాణం వెలిగే బల్బుని విప్పి, చొక్కా జేబులో వేసేసుకున్నారు.

"ఇంక నీకు బాణం అక్కర్నేదు. నువ్వే ఎతుక్కో," అన్నారు.

ఆయన నోటి నుంచి నాకు వచ్చిన మెప్పు అదొక్కటే. ఆ రాత్రి ఇంటికెళ్లి మా ఆయనకి పదిసార్లు చెప్పుకున్నాను.

తరవాత కొన్ని నెలలకి సారు నిద్రలోనే పోయారు. నేను వెళ్లాను, చూశాను, ఏడ్చాను. ఆ బల్బు ఏమైందో నాకు తెలియదు. సారు భార్యని అడగడానికి నోరు రాలేదు. స్టూలు మాత్రం అక్కడే ఉండిపోయింది. సూరిబాబు ఒకసారి దానిమీద గ్లౌజుల అట్టపెట్టె పెడితే వాడి మీద ఇంతెత్తున లేచాను. అప్పట్నుంచి దాని జోలికి ఎవరూ పోలేదు.

ఇక పైడమ్మ సంగతి.

పైడమ్మ ఆమదాలవలస బజారులో ఎండుచేపలు అమ్ముతుంది. అరవై దాటిన మనిషి. గట్టి పిండం. గంప నెత్తిన పెట్టుకుని నడిస్తే వెనక వయసు పిల్లలు అందుకోలేరు. అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. మా వైపు పెద్దవయసు ఆడవాళ్లలో ఇది ఇంకా ఉంది. గాలికి నిప్పు ఆరదని, పని చేసుకుంటూ తాగొచ్చని వాళ్లు చెబుతారు.

ఆవిడకి అప్పుడప్పుడూ మూత్రంలో రక్తం పడుతోంది. నొప్పి లేదు, మంట లేదు. రెండు రోజులు ఎర్రగా వచ్చి ఆగిపోతుంది. మళ్లీ కొన్నాళ్లకి వస్తుంది. పాపం ఎవరికీ చెప్పలేదు. వేడి చేసిందనుకుంది. బార్లీ నీళ్లు తాగింది, కొబ్బరి బొండాలు తాగింది. రక్తం దానంతటది ఆగితే బార్లీ నీళ్లే ఆపాయనుకుంది. ఇంకా నయం, ఒకరోజు బజారులోనే చీర తడిసి ఎర్రగా కనిపిస్తే కోడలు చూసి పట్టుబట్టి డాక్టరు దగ్గరికి లాక్కొచ్చింది.

మా వైపు డాక్టర్లకి ఒక అలవాటు ఉంది. అడ్డపొగ మనిషి కనబడగానే ముందు నోరు తెరవమంటాం. అంగిలి చూస్తాం. అక్కడ ఏమీ లేకపోతే, ఈసారికి బతికిపోయావు అని పంపించేస్తాం. పైడమ్మకీ అదే జరిగింది. ఊళ్లో ఒకరిద్దరు డాక్టర్లు నోరు చూసి బాగుందన్నారు. నిప్పు నోట్లో ఉంటే జబ్బు కూడా నోట్లోనే వస్తుందని మనకో లెక్క. పొగలోని విషం రక్తంలో కలిసి, కిడ్నీలు దాటి, మూత్రసంచిలో గంటల తరబడి నిలవ ఉంటుందని, ఆ సంచి లోపలి పొర దాన్ని మోస్తూ ఉంటుందని ఎవరికీ గుర్తు రాదు. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే అది వేడి అనుకుని ఊరుకోకూడదు. ఈ కథలో మీరు ఇంకేదీ నమ్మకపోయినా ఈ ఒక్క ముక్క నమ్మండి.

చివరికి మూత్రపిండాల డాక్టరొకాయన అనుమానపడ్డారు. స్కానింగు తీయిస్తే ఏమీ కనబడలేదు. విశాఖపట్నం వెళ్లి సంచిలోకి కెమెరా పెట్టించుకోవాలని చెప్పారు. పైడమ్మ ససేమిరా అంది. వాళ్ల అక్క ఎప్పుడో విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదట. సరే, ముందు మూత్రంలో కణాలు చూపిద్దామని ఆయన నా దగ్గరికి పంపించారు.

పైడమ్మ వచ్చింది, కోడలు వెనకాల వచ్చింది. ల్యాబంతా ఎండుచేపల వాసన. కూర్చోకుండానే బేరం పెట్టింది.

"ఇదిగో డాట్రమ్మా, ఈ నీళ్ళ టెస్టు బాగుందనుకో, ఇంకెవులూ నా కాడ వైజాగు మాటెత్తకూడదు. నా కోడలికి కూడా నువ్వే సెప్పాల. ఏటి?"

కోడలు నా వైపు దీనంగా చూసింది. అంటే సంగతి అర్థమైంది కదా. స్కానింగు బాగుంది. నోరు బాగుంది. ఇక నా స్లైడు కూడా బాగుందంటే ఆ మనిషి జన్మలో కెమెరా దగ్గరికి వెళ్లదు. నిజంగా లోపల ఏదైనా ఉంటే అది నెమ్మదిగా గోడలోకి దిగి, ఆ తరవాత సంచి మొత్తం తీసేసినా లాభం ఉండకపోవచ్చు.

సీసా చూడగానే నాకు ఒళ్లు మండింది. తెల్లవారుజామున లేచీ లేవగానే పట్టిన మూత్రం తెచ్చింది. అందరూ అలాగే తెస్తారు. వేరే పరీక్షలకి మొదటిదే తెమ్మంటాం కాబట్టి ఎప్పుడూ మొదటిదే తేవాలనుకుంటారు. కణాల పరీక్షకి అది పనికిరాదు. రాత్రంతా సంచిలో నానిన కణాలు ఉబ్బి, చెదిరి, ముఖం గుర్తుపట్టనట్టు అయిపోతాయి. సారు ఉన్నప్పుడు ఇలాంటి సీసా వస్తే దాన్ని చేత్తో తాకేవారు కూడా కాదు.

ఆవిడ చేత నీళ్లు తాగించి, మేడ మీద కాసేపు అటూ ఇటూ నడవమన్నాను.

"ఉచ్చ పొయ్యడానికి కూడా కసరత్తేటే తల్లీ!" అని నవ్వుతూనే నడిచింది. కొత్తది ఇచ్చింది. సూరిబాబు దాన్ని వెంటనే మిషన్‌లో తిప్పి, అడుక్కి దిగినదాన్ని స్లైడు మీద పరిచి, స్పిరిట్‌లో ముంచి, రంగులు వేసి మధ్యాహ్నానికి నా బల్ల మీద పెట్టాడు.

ఇక్కడి నుంచి నేను చూసింది చూసినట్టే చెబుతాను.

మధ్యాహ్నం భోజనం అయిపోయింది. కరెంటు ఉంది. కిటికీ నా వెనకాల. గదిలో నేనొక్కదాన్నే. స్లైడు పెట్టి, చిన్న లెన్సుతో ఒక చివర నుంచి మొదలుపెట్టి వరసగా, పొలం దున్నినట్టు, అటూ ఇటూ పూర్తిగా చూశాను. ఎర్రకణాలు ఉన్నాయి, అవి ఉంటాయని తెలుసు. చీముకణాలు ఉన్నాయి. అక్కడక్కడా సంచి లోపలి పొర నుంచి రాలిన మామూలు కణాలు, వెడల్పుగా, మధ్యలో చిన్న గింజతో శుభ్రంగా ఉన్నాయి. చెడ్డవి కనబడలేదు. నాకు సంతోషమే వేసింది. చీముకణాలు ఉన్నాయి కాబట్టి ఇన్‌ఫెక్షను, దానివల్ల రక్తం అయ్యుంటుంది అనుకున్నాను. స్లైడు తీసేద్దామని చెయ్యి ముందుకు పెట్టాను.

తీసే ముందు ఒకసారి కన్ను ఆనించడం నాకు అలవాటు. ఆనించాను.

లోపల ఆకుపచ్చ బాణం వెలుగుతోంది.

నాకు వెంటనే భయమేమీ వెయ్యలేదు. మొదట అసలు వింతే అనిపించలేదు. ఏళ్ల తరబడి ఆ గాజులోంచి ఆ బాణాన్ని చూసిన కళ్లు కదా. అలవాటుగా దాని మొన ఎటు ఉందో అటు చూశాను. కింద ఎడమవైపు నుంచి ఏటవాలుగా వచ్చి, ఇంకో కణం పట్టేంత ఖాళీ వదిలి ఆగి ఉంది. మొనకి ఎదురుగా ఒక గుంపు. చీముకణాల ముద్ద అనుకుని నేను దాటేసిన గుంపు అది.

అప్పుడు గుర్తొచ్చింది, దాన్లో బల్బు లేదని.

అయినా చెయ్యి తన పని తాను చేసింది. స్లైడు కొంచెం జరిపాను. కణాలు జరిగాయి, బాణం జరగలేదు. కన్ను ఎడమకి తిప్పాను, కుడికి తిప్పాను. బాణం ఉన్నచోటే ఉంది. ఇదెందుకు చెబుతున్నానంటే, గులాబీ రంగు స్లైడుని చాలాసేపు చూస్తే కంట్లో పచ్చటి మచ్చ ఆడుతుంది, అది నాకూ తెలుసు. కానీ ఆ మచ్చ కన్నుతో పాటే తిరుగుతుంది. ఇది తిరగలేదు. లెన్సు మార్చి పెద్దది చేశాను. కణాలు పెద్దవయ్యాయి, బాణం అంతే ఉంది. నిజం బాణం ఎలా ఉండాలో అలాగే ఉంది.

పెద్ద లెన్సులో ఆ గుంపు తేటగా కనబడింది. చీముకణాలు చుట్టూ మూగి ఉన్నాయి. వాటి మధ్యలో ఉన్నవి మాత్రం చీముకణాలు కావు. న్యూక్లియస్ కణమంతా నిండిపోయి ఉంది. పనసతొనలో గింజే మిగిలి తొన కరిగిపోయినట్టు. నల్లటి నలుపు. అంచులు గరుకు. సారు చేత ఎన్నిసార్లు తిట్లు తిని నేర్చుకున్నానో ఆ ముఖం. క్యాన్సరు.

తలెత్తి ఎదురుగా చూశాను. స్టూలు ఖాళీగా ఉంది. మళ్లీ కన్ను ఆనించేసరికి కణాలు ఉన్నాయి, బాణం లేదు.

"సూరిబాబూ!" అని అరిచాను. వాడు పరిగెత్తుకొచ్చాడు. సారు వైపు నుంచి నిలబడే వంగి చూశాడు.

"సెడ్డ కణాలే మేడమ్. ఉన్నాయి."

"బాణం?"

"బాణమేటి మేడమ్? దాన్లో బల్బు సారు తీసీసినారు కదా."

విప్పి చూపించమన్నాను. విప్పాడు. బల్బు ఉండాల్సిన చోట దుమ్ము పట్టి ఉంది. మీట తిప్పి చూశాడు, బిగుసుకుపోయి కదల్లేదు. వాడు నా మొహం చూసి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఇంకేమీ అడగలేదు. మంచివాడు.

బాణాన్ని నమ్మి రిపోర్టు ఇవ్వలేదు. ఆ మాట గట్టిగా చెబుతున్నాను. స్లైడు మళ్లీ మొదటి నుంచి పెద్ద లెన్సుతో చూశాను. ఇంకోచోట అలాంటివే మరికొన్ని దొరికాయి. విశాఖపట్నంలో ఉన్న స్నేహితురాలికి స్లైడు పంపించాను, ఆవిడకి ఏమీ చెప్పకుండా. ఆవిడా అదే మాట చెప్పింది.

ఇక పైడమ్మకి చెప్పాలి. అది స్లైడు చూడడం కంటే కష్టమైన పని.

చెప్పాను. కోడలు ఏడ్చింది. పైడమ్మ గంప అంచు పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఎల్ను," అంది.

"అదేంటి, టెస్టు బాగుంటే వెళ్లనన్నావు. బాగాలేదు కదా మరి?"

"బాగుంటే ఎల్నన్నాను. బాగోపోతే ఎల్తానని నోటితో అన్నానేటి?"

నాకు నవ్వు రావాలో కోపం రావాలో తెలియలేదు. కోపమే వచ్చింది. ఇప్పుడైతే పైపొరలోనే ఉండొచ్చు, మందుతోనే పోవచ్చు, ఆలస్యం చేస్తే చేజారిపోతుందని గొంతు చించుకున్నాను. ఆవిడ వినిపించుకోలేదు. లేచి గంప ఎత్తుకుంది. నీకు కనిపించింది సరే, మనిషన్నాక కంటికి పొరపాటు రాదా అంది.

"నేనొక్కదాన్నే చూశాననుకుంటున్నావా? మా సారు చూపించారు!" అనేశాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. నోట్లోంచి జారిపోయింది.

పైడమ్మ ఆగింది. "ఏ సారు? పొడుగ్గా, ఒంగి నడుస్తాడు, ఆయనేటి? నా కాడ ఎండు నెత్తళ్ళు కొనీవోడు?"

సారు ఆదివారాలు సొంతూరు వెళ్లి ఎండుచేపలు తెచ్చుకునేవారని తెలుసు. ఎవరి దగ్గర కొనేవారో నాకేం తెలుసు?

"సుట్ట పారీమని బజార్లోనే తిట్టీవోడు. 'నోరొక్కటే కాలిపోద్దనుకుంతన్నావా, ఒళ్ళంతా కాలిపోద్దే పైడీ' అనీవోడు. నాను నవ్వీదాన్ని." గంప కింద పెట్టింది. "ఈమద్దిన రావట్నేదు. ఆయనకి బాగుందా? ఈ టెస్టు ఆయనే సూసినాడా?"

నేను తలూపాను. రెండు ప్రశ్నల్లో దేనికి ఊపానో నాకే తెలియదు.

పైడమ్మ కోడలి భుజం మీద ఒకటి చరిచి, "ఏడుపాపి లెగు. ఆయన సూపించేడంటే ఏదో ఉన్నట్టే. ఎల్దాం, నడు," అంది.

విశాఖపట్నంలో కెమెరా పెట్టి చూశారు. గడ్డలాంటిదేమీ లేదు. ఒకచోట మాత్రం లోపలి పొర ఎర్రగా, వేడినీళ్లు పడి కమిలినట్టు ఉందట. నా రిపోర్టు లేకపోతే అది ఇన్‌ఫెక్షను అనుకుని వదిలేసేవాణ్నని ఆ డాక్టరుగారు నాకు ఫోన్లో చెప్పారు. చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే, కానీ పైపొర దాటి ఒక్క అడుగు లోపలికి వెయ్యలేదు. సంచి తీసేయాల్సిన పని లేకుండా పోయింది. క్షయ రాకుండా పిల్లలకి వేసే బీసీజీ టీకా ఉంది కదా, ఆ మందునే వారం వారం సంచిలోకి ఎక్కించారు. అది అక్కడ ఒంటి సైన్యాన్ని నిద్రలేపి జబ్బు మీదకి పంపిస్తుంది. మొదట్లో మంటకి విలవిల్లాడిందని కోడలు చెప్పింది. కానీ ఒక్క వారం కూడా మానలేదు.

"సంటిపిల్లలకి సేతికేసే మందు ముసిలిదానికి ఎక్కడేసినారో సెప్తే నవ్వుతావు," అని పైడమ్మ నాకే చెప్పి నవ్వింది.

ఈ సంగతంతా మా నాన్నకి చెప్పాను. దయ్యాల్ని నవ్వి కొట్టిపారేసే మనిషి కాబట్టి నన్నూ కొట్టిపారేస్తారేమోనని, అలా చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పోయినవాళ్ళు తిరిగి రారమ్మా. అందులో మార్పు లేదు. దేవుడు దీపం వెలిగించాలనుకుంటే బల్బుతో పనేంటి?" అన్నారు.

అది పాస్టరు జవాబు. పాథాలజిస్టుకి చాలదు. నా కళ్లు చూపించుకున్నాను, తలకి స్కానింగు కూడా చేయించుకున్నాను. ఏమీ లేదు. ఒకవేళ ఆ గుంపుని నా కన్ను ముందే పసిగట్టి, మనసు బాణం రూపంలో గుర్తు చేసిందేమో అని కూడా ఆలోచించాను. నాకు దొరికిన మంచి వివరణ అదే. కానీ మనసులోంచి పుట్టిన బాణమైతే స్లైడు జరిపినప్పుడు కణాలతో పాటు కదలాలి, లేదా కంటితో పాటు కదలాలి. అది మైక్రోస్కోపుకి బిగించినట్టు ఉండిపోయింది. ఇక్కడికి వచ్చి ఆగిపోతాను ప్రతిసారీ.

పైడమ్మ కెమెరా పరీక్షలకి క్రమం తప్పకుండా వెళ్తోంది. మధ్యమధ్యలో మూత్రం పరీక్షకి నా దగ్గరికి వస్తుంది. చుట్ట మానేసింది. కొప్పులో మాత్రం ఒకటి దోపుకుని ఉంటుంది. వెలిగించదట, ఊరికే ధైర్యానికట. నేనూ గొడవ చెయ్యలేదు.

మొన్న మళ్లీ వచ్చింది. మెట్లెక్కుతూనే కేక పెట్టింది.

"బస్టాండు కాణ్ణుంచి నడిసే వచ్చీసినాను. నీళ్ళు కూడా తాగీసినాను. ఇంక నన్ను మేడెక్కించి తిప్పకు!"

స్లైడు తయారైంది. మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చూశాను, రెండోసారి పెద్ద లెన్సుతో. మంచి కణాలు. ఒక్క చెడ్డ ముఖం లేదు. తీసే ముందు అలవాటుగా మళ్లీ కన్ను ఆనించాను. కొంచెం ఎక్కువసేపే ఆనించాననుకుంటాను. బాణం రాలేదు. ప్రాణం కుదుటపడింది.

ఆ రోజు పైడమ్మకి నిజం చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. సారు పోయి చాలా కాలమైంది. ఆవిడ వచ్చిన ప్రతిసారీ ఆయన్ని అడుగుతుంది, నేను మాట మారుస్తాను. ఇక బాగుండదు. జబ్బు తగ్గింది, ఇప్పుడు చెబితే ఏమీ కాదు. ముందు ఆవిడ కణాలు ఆవిడకే చూపించి, సంతోషంగా ఉన్నప్పుడు మెల్లిగా చెబుదామని లోపలికి పిలిచాను.

నేను కుర్చీ జరిపేలోపే పోయి సారు స్టూలు మీద కూర్చుంది. వద్దనబోయి ఆగాను. కళ్లు ఎలా పెట్టాలో చెప్పాను. చాలాసేపు చూసింది.

"ఈయి నాయేనా?"

"నీవే."

"అప్పడాలు ఆరబెట్టినట్టున్నాయి. బాగున్నాయే!"

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఇప్పుడు చెబుదామని గొంతు సవరించుకున్నాను.

పైడమ్మ కొంగులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. నెత్తళ్ల వాసన గుప్పుమంది.

"ఇయి ఆయనకి. ఇప్పుడే లెగిసెల్లేడేటి? పీట ఇంకా యెచ్చగుంది. రొవ్వంత ముందొచ్చుంటే కనిపించీవోడు."

గది చుట్టూ ఒకసారి చూశాను. కిటికీ ఎండ నా కుర్చీ దాటి అటు పడదు. ఆ పక్కన మిషన్లేవీ లేవు. పొద్దున్నించీ ఆ స్టూలు మీద ఎవరూ కూర్చోలేదు.

"ఇస్తావు కదా? బాగున్నానని సెప్పు. సుట్ట కూడా ఒగ్గీసినానని సెప్పు."

"చెప్తాను," అన్నాను.

ఆవిడ వెళ్లిపోయాక అరచెయ్యి స్టూలు మీద ఆనించి చూశాను. వెచ్చగానే ఉంది. ఉండదా మరి, పైడమ్మ అంతసేపు కూర్చుని లేచింది కదా. దానితో ఏమీ రుజువు కాదు.

పొట్లం తీసి సారు వైపు జరిపాను. "పైడమ్మకి బాగుంది సార్. చుట్ట కూడా మానేసింది," అని పైకే చెప్పాను.

ముందు గదిలోంచి సూరిబాబు, "ఎవులితో మేడమ్?" అని అడిగాడు.

పని చూసుకోమన్నాను.